పరిశీలనలో ఉన్న పైకప్పు

వాస్తవం అంటే ఏమిటో ఈ ఆర్థిక సంవత్సరంలోనే తేల్చేస్తామని సైన్సు మంత్రిగారు ప్రకటించారు. ఇంతకాలం ఆ పనిని శాస్త్రవేత్తలకు వదిలేయడం గత ప్రభుత్వం నిర్వాకమని కూడా సెలవిచ్చారు. ఆ ఊపులోనే కాలేజీ ఫిజిక్సు ల్యాబుకు దయచేశారు.

ల్యాబు మేడమ్‌కు వాస్తవంతో కన్నా పైకప్పుతో తంటా ఎక్కువ. అది కారుతోంది. కింద లేజరు మిషను, మిషను మీద గొడుగు, గొడుగు పట్టుకుని అటెండరు. మిషను తడిసిందా, ఆమె ఇన్నేళ్ళ పరిశోధన అక్షరాలా నీళ్ళపాలు. కప్పు బాగుచేయించమని చెప్పులరిగేలా తిరిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "పరిశీలనలో ఉంది."

"ఇక్కడ ఏం చేస్తారమ్మా?" అన్నారు మంత్రిగారు.

"పరమాణువును చూస్తామండి. దాని మానాన దాన్ని వదిలేస్తే స్థితి మార్చుకుంటుంది. కళ్ళలో వత్తులేసుకుని పరిశీలిస్తూ కూర్చుంటే మారదు. ఉన్నట్టే ఉండిపోతుంది."

"ఎప్పుడు కనిపెట్టారిది?"

"ప్రయోగాల్లో తేలింది ఈమధ్యేనండి."

"ఈమధ్యా? మా సెక్రటేరియట్‌లో తాతల నాటినుంచీ ఇదేగా నడుస్తోంది. ఏమయ్యా?"

పీఏ వినయంగా తలవంచాడు.

మేడమ్‌కు ప్రాణం లేచొచ్చింది. "అయితే సార్, నా కప్పు ఫైలును పరిశీలించడం ఆపించండి. అదే కదులుతుంది."

మంత్రిగారి మొహం చేటంతైంది. "సైన్సంటే ఇదీ. రాసుకోవయ్యా, పరిశీలన బంద్."

ఆర్డరు వచ్చింది. మేడమ్ పీఏకు ఫోన్ చేసింది.

"కప్పు శాంక్షనైందాండీ?"

"అయ్యుండొచ్చు మేడమ్. కాకపోయుండొచ్చు. ప్రస్తుతానికి రెండూనూ."

"ఒక్కసారి ఫైలు తెరిచి చూడండి బాబూ."

"చూస్తే మళ్ళీ పరిశీలన కిందికొస్తుంది కదండీ, మీరు చెప్పిందేగా. చూడమంటారా?"

మేడమ్ పైకి చూసింది. నుదుటి మీద ఓ చుక్క పడింది.

"వద్దులెండి."

ఒక్క ఫైలు మాత్రం, ఎవరూ పరిశీలించకపోవడం వల్ల కాబోలు, రెక్కలు కట్టుకుని కదిలింది. పరిశీలిస్తే ఏదీ కదలదన్న సిద్ధాంతాన్ని కనుగొన్న మహనీయులు మంత్రిగారేనని బంగారు రంగు అక్షరాలతో శిలాఫలకం దిగింది. దాన్ని మిషను ఎదురుగోడకు బిగించారు. అక్షరాలు తడవకుండా చూసే బాధ్యత మేడమ్‌దని పైనుంచి ఆదేశం.

మర్నాడు వాన దంచికొట్టింది.

"గొడుగు ఒక్కటేనమ్మా," అన్నాడు అటెండరు. "ఎటు పట్టమంటారు?"

అంతలో పీఏ ఫోను. "సార్ కంగారు పడుతున్నారు మేడమ్. అక్షరాలు తడవట్లేదు కదా?"

మేడమ్ అటెండరును మిషను దగ్గరే ఉండమని సైగ చేసింది. గోడ మీద మంత్రిగారి పేరు పసుప్పచ్చగా కిందికి కారుతోంది.

"పరిశీలనలో ఉందండి," అంది.