రెండక్షరాలు తారుమారు

ఆఫీసులో అతన్ని అందరూ చాదస్తం అనే పిలిచేవారు. ప్రోగ్రాములు రాయడం అతని ఉద్యోగం, తప్పులు దిద్దడం అతని జబ్బు. రెండేళ్లకు దొరికిన పది రోజుల సెలవు ఆ రోజు మధ్యాహ్నం మొదలవ్వాలి. రెండింటి రైలుకు భార్యతో కలిసి ఆమె అక్కగారి ఊరికి ప్రయాణం. సెలవు చీటీ మీద మేనేజరు సంతకం ఒక్కటే మిగిలింది.

మేనేజరు పెద్ద కస్టమర్లతో గదిలో ఉన్నాడు. అంతవరకూ ఊరికే కూర్చోవడం చాదస్తానికి చేతకాలేదు. ఆఫీసు ప్రోగ్రాములన్నీ వాడుకునే ఉమ్మడి మాడ్యూల్ తెరిచాడు. మిగతా ప్రోగ్రాములు దాన్ని పిలవడానికి వాడే పేర్ల జాబితాలో, ఇంగ్లీషులో రాసిన ‘రిసీవ్’ అనే పేరు కనబడింది. అందులో ఇ, ఐ తారుమారయ్యాయి. దిద్దేశాడు. రెండక్షరాలకు కొత్త వెర్షన్ నంబరెందుకు, నలుగురికీ చెప్పడమెందుకు అనుకుని పాత నంబరుతోనే పంపేశాడు.

ఐదు నిమిషాల్లో, కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపులన్నీ బిగుసుకుపోయాయి. తలుపుల ప్రోగ్రాము పాత పేరుతోనే మాడ్యూల్‌ను పిలుస్తుంది. ఆ పేరుగలవాళ్లు ఇక్కడెవరూ లేరని మాడ్యూల్ జవాబిచ్చింది. మేనేజరు, కస్టమర్లు లోపలే ఉండిపోయారు.

చాదస్తం కీబోర్డు మీదికి వంగాడు. గబగబా పాత పేరే పెట్టేశాడు. తలుపులు కదల్లేదు. తలుపుల ప్రోగ్రాము చూసుకునే అమ్మాయికి ఫోన్ చేశాడు.

"పాతదే పెట్టేశాను కదమ్మా, ఇంకా తెరుచుకోవేం?"

"అయ్యో సార్, మీరు పేరు మార్చారని చూసి నేనూ నా వైపు కొత్తది పెట్టేశాను!"

"సరే, నేనే మళ్లీ మారుస్తానుండు."

మార్చాడు. ఈలోగా ఆ అమ్మాయి పాతదానికి వెళ్లిపోయింది. ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెమన్నట్టు ముప్పావుగంట గడిచింది.

"బాబూ, ఇద్దరిలో ఒకరు చేతులు కట్టుకుని కూర్చోండి!" అని తలుపు వెనక నుంచి మేనేజరు అరిచాడు.

చివరికి చాదస్తం రెండు పేర్లూ జాబితాలో ఉంచాడు. ఏ పేరుతో పిలిచినా జరిగేది ఒకటే పని. తలుపు తెరుచుకుంది. అప్పటికి పన్నెండున్నర. సెలవు గంగలో కలిసినట్టేనని అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"పాత పేరు తీసేసిందెవరు?" మేనేజరు అడిగాడు.

"నేనే సార్. స్పెల్లింగ్ తప్పుందని..."

"ఆ తప్పు రాసింది నేనే. ఎన్ని ప్రోగ్రాములు దాన్నే నమ్ముకున్నాయో తెలుసు కాబట్టే పన్నెండేళ్లుగా ముట్టుకోలేదు. ఏదీ, ఆ చీటీ ఇటివ్వు."

చింపేస్తాడనుకున్నాడు. మేనేజరు పది కొట్టేసి, ఇరవై అని రాసి సంతకం పెట్టాడు.

"వెళ్లిరా. ఈ ఇరవై రోజులూ తలుపులు హాయిగా తెరుచుకుంటాయి."

చాదస్తం ఎగిరి గంతేసినంత పనిచేసి, భార్యకు ఫోన్ కలిపి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మంచిదే," అందామె. "పదో రోజుకల్లా మా అక్క కూడా మీకు సెలవిచ్చేస్తుంది లెండి."