ఎమ్మిగనూరు నుంచి రావలసిన పెట్టె

ఆ శుక్రవారం పొద్దున గోవిందన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. బొరుగుల ఉగ్గాని తిని, గోడౌను తాళం తీసి, పదకొండింటికి యజమాని సుధాకర్ వచ్చేలోపు మిద్దె మీది పాత మైకులో ఒకే ఒక్క పాట వేసుకుని వినాలి. అంతే.

ఆ గోడౌను ఒకప్పుడు ఆదోనిలో పేరున్న రత్నమహల్ టాకీసు. గోవిందన్న ఇరవయ్యో ఏట అందులో ఆపరేటరుగా చేరి ముప్పై ఏళ్లు బొమ్మ ఆడించాడు. సినిమాలు పోయి పత్తి బేళ్లు వచ్చాక కాపలాదారుగా అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు ఎమ్మిగనూరు బట్టల వ్యాపారి వెంకటేశ్వర్లు దాన్ని కొని, పడగొట్టి, అంగళ్లు కడతాడట. ఆ రోజే సంతకాలు. గోవిందన్నకు ఉద్యోగం పోతుందన్న దిగులు కొంత, హాలు పోతుందన్న దిగులు కొండంత.

"పాటా వొద్దు, గీటా వొద్దు. సుధాకరప్ప సూస్తే ఈ పొద్దే ఇంటికి పంపుతాడు" అంది భార్య ఉరుకుందమ్మ.

"ఒక్క పాటే కదమే. ఎవురికి ఇనపడతాది!"

ఊరందరికీ వినపడింది. రత్నమహల్లో టికెట్లు ఇచ్చే ముందు మైకులో భక్తి పాట వేయడం ఆనవాయితీ. ఆ పాట చెవిన పడగానే పొయ్యి మీది కూర దించేసి పరుగెత్తడం ఆ చుట్టుపక్కల వీధుల ఆనవాయితీ. పాట ముగిసి, గోవిందన్న కళ్లు తుడుచుకుని మిద్దె దిగేసరికి ఎదురు వీధి మద్దమ్మ బొరుగుల మూటతో గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆడోళ్ల టికెట్ ఒకటి ఇయ్యి గోవిందన్నా."

"సినిమా లేదు మద్దమ్మక్కా. ఇది గోడౌను కదా!"

"అప్పుడూ ఇదే మాట! లేదు లేదని సెప్పి, యనక పక్క బ్లాకులో అమ్మేటోళ్లు."

వెనక చేరినవాళ్లకు సంగతి అర్థమైపోయింది. టికెట్లు ఉన్నాయి, దాచిపెట్టారు. గోవిందన్న లేదన్న కొద్దీ జనానికి నమ్మకం పెరిగింది. వెనకటికి హాలు ముందు సోడాలమ్మిన రామాంజి ఎక్కడినుంచో బండి తోసుకుని వచ్చేశాడు. పదిన్నరకు గేటు ఊగడం మొదలైంది. అది విరిగితే తన ఉద్యోగం పదకొండు దాకా కూడా ఆగదని గోవిందన్న తాళం తీశాడు.

లోపల ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు ఎడమ పక్క, మగవాళ్లు కుడి పక్క నేల మీద కూర్చున్నారు. పత్తి బేళ్ల మీదికి ఎక్కినవాళ్లు తాము బాల్కనీ కాబట్టి కిందివాళ్లతో మాటలు మానేశారు. ఇక తప్పక గోవిందన్న పైగదిలోకి పోయి, పాత స్లైడు మిషనులో మిగిలి ఉన్న గాజు స్లైడ్లు వేశాడు. 'నిశ్శబ్దము' అన్న స్లైడు పడగానే ఈలలతో హాలు దద్దరిల్లింది. తర్వాత ఎప్పుడో మూతపడిన పళ్లపొడి కంపెనీ, ఆ తర్వాత ఇత్తడి పాత్రల అంగడి. స్లైడ్లు అయిపోయాయి.

"ఏమప్పా ఆపరేటరూ! నిద్రపోతాండావా?"

ఆ తిట్టు విని పాతికేళ్లయింది. గోవిందన్న సంతోషం పట్టలేక, ఇంకోసారి తిట్టమన్నట్టు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

తెర ఖాళీగా ఉన్నా ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ రోజుల్లో ఆదోనికీ ఎమ్మిగనూరుకూ కలిపి ఒకటే ప్రింటు. ఇక్కడ ఆడిన రీళ్లు పెట్టెలో బస్సెక్కి అక్కడికి, అక్కడ ఆడినవి ఇక్కడికి వచ్చేవి. "ఎమ్మిగనూరు పెట్టె ఇంకా రాలేదంతే" అని రామాంజి ప్రకటించాడు. అందరూ కాళ్లు బారజాపుకున్నారు.

సరిగ్గా అప్పుడే సుధాకర్ వెంట వెంకటేశ్వర్లు లోపలికి అడుగుపెట్టాడు. చేతిలో దస్తావేజుల పెట్టె.

"ఎవురప్పా నువ్వు?" అంది మద్దమ్మ.

"ఎమ్మిగనూరు నుంచి వచ్చినాను..."

"పెట్టె వచ్చింది!" హాలంతా లేచింది. నలుగురు పెట్టె లాక్కుని పైగదికి పరుగెత్తారు. "ఇంతసేపా? మీ ఎమ్మిగనూరోళ్లు ఎప్పుడూ ఇంతే!"

"అయ్యో, అవి దస్తావేజులు!" అని సుధాకర్ మొత్తుకుంటుంటే, తల అడ్డమొస్తోందని రామాంజి అతని చేతిలో సోడా పెట్టి కిందికి లాగి కూర్చోబెట్టాడు. పైగదిలో గోవిందన్న ఉద్యోగం మీద ఆశ పూర్తిగా వదులుకున్నాడు.

వెంకటేశ్వర్లు ముఖం కందగడ్డ అయింది. కానీ పెట్టె గురించి కాదు.

"మేమా ఆలస్యం? మీ ఆదోనోళ్లే! నాకు పదేండ్లప్పుడు ఎమ్మిగనూర్లో సగం బొమ్మ సూసినా. రాకుమారుణ్ణి గుహలో గొలుసులేసి కట్టేసినారు. మిగతా రీళ్లు మీ ఆదోని నుంచి రాకనే పాయె! వాడు బయటపడినాడో లేదో నాకు ఈ పొద్దుటికీ తెలీదు!"

మద్దమ్మ అతని దోసిట్లో బొరుగులు పోసింది.

"ఆ రెండో సగం ఈ హాల్లోనే సూస్తా. సూసినాకనే సంతకం, సూసినాకనే కూల్చేది" అన్నాడు వెంకటేశ్వర్లు కూర్చుంటూ.

"బొమ్మ పేరేందన్నా?" సుధాకర్ నీరసంగా అడిగాడు.

"అది తెలిస్తే ఇన్నేండ్లు ఊరికే ఉంటానా!"

ఆ పాత హాలుకు మరో బేరగాడు దొరకడు. అందుకని సుధాకర్ బేళ్లు ఖాళీ చేయించి, ఒక ప్రొజెక్టరు అద్దెకు తెచ్చి, గుహా గొలుసులూ ఉన్న పాత సినిమా వారానికొకటి వెతికి తెస్తున్నాడు. మళ్లీ ఆపరేటరైన గోవిందన్న ప్రతి ఆదివారం రెండో సగం వేస్తాడు. వెంకటేశ్వర్లు చివరిదాకా చూసి, "ఇది కాదు" అని కారెక్కుతాడు. ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి.

వెంకటేశ్వర్లు సగమే చూసిన ఆ సినిమాను గోవిందన్న రోజుకు మూడాటల చొప్పున యాభై రోజులు ఆడించాడు. పేరేమిటని ఆయన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.