అన్ని దారుల టైరు, నాలుగో నిమ్మకాయ

ప్రజాస్వామ్యం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు. కోరుట్లలో నా టైర్ల దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చుంటే చాలు. ఎన్నికల్లో మనిషికి ఒక్క ఓటే. టైర్ల ఎంపికలో మాత్రం బండి ఉన్నవాడికి ఓటు ఉండదు, బండి లేనివాడికి రెండు ఉంటాయి. ఇరవై మూడేళ్ల వ్యాపారంలో ఈ నియమానికి మినహాయింపు నేను చూడలేదు.

నాకు అన్నింటికీ లెక్క ఉంటుంది. స్కూటర్ టైరుకు పావుగంట, ఒక చాయ్. ట్రాక్టర్ టైరుకు ఒక పూట, నాలుగు చాయ్‌లు. నాలుగు చక్రాలూ లాగే బండికి, అంటే జనం ఫోర్ బై ఫోర్ అని పిలుచుకునే దానికి, టైర్లు ఎంచాలంటే పందొమ్మిది రోజులు, నూట ఆరు చాయ్‌లు, ఒక కుర్చీ కాలు. (కాలు విరిగింది గాలి ఒత్తిడి మీద జరిగిన చర్చలో.) ఇవి ఊహించి చెప్పిన అంకెలు కావు. కరుణాకర్ బండి విషయంలో నేను స్వయంగా గోడ మీద గీతలు గీసి పెట్టుకున్నవి.

కరుణాకర్‌ది కోరుట్లకు పదకొండు కిలోమీటర్ల దూరంలోని ఊరు. పన్నెండేళ్లు మస్కట్ అవతలి ఎడారిలో ఇలాంటి బండినే తోలాడు. తిరిగొచ్చి పాతదొకటి కొన్నాడు. షోకుకు కాదు. ఆయన భార్య జ్యోతి వాగు అవతలి పల్లెల్లో నలభై ఇళ్ల పాలు పోయించుకొని కోరుట్ల పాల సెంటరుకు చేరుస్తుంది. దారిలో నా ఎదుటి చాయ్ కొట్టుకు రెండు లీటర్లు పోస్తుంది. ఊరి నుంచి వాగు అవతలికి నాలుగు కిలోమీటర్లు నల్లరేగడి. వాన పడితే ఆటో అటు చూడదు. ఈ బండి పోగలదు గానీ, దాని పాత టైర్లు గుండు గీయించుకున్నట్టు నున్నగా ఉన్నాయి.

సెంటరు వారి నియమం సరళమైనది. ఉదయం ఏడు దాటితే ఆలస్యం. నెలలో మూడు ఆలస్యాలు పడితే ఆ రూటు వేరేవాళ్లకు. మిరుగు కార్తె మొదటి వానకే బండి రేగడిలో కూరుకొని వరుసగా రెండు ఆలస్యాలు పడ్డాయి. మూడోది పడితే జ్యోతి ఆరేళ్లుగా కూడబెట్టుకున్న నలభై ఇళ్లూ పోయినట్టే. ఆ తర్వాత కొన్నాళ్లు వాన ఆగింది. (టైర్ల చర్చకు కావలసిన గడువు ప్రకృతే మంజూరు చేసింది.)

టైరు అమ్మేవాడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: రోజుకు తారు ఎంత, బురద ఎంత? అంతా తారే అయితే రోడ్డు టైరు. అంతా బురదే అయితే బురద టైరు. అది తారు మీద పిండిగిర్నీలా రొద పెడుతుంది, తొందరగా అరుగుతుంది. రెండూ ఉంటే నడిమిది, అన్ని దారుల టైరు. నేను ఈ ప్రశ్న అడగగానే కరుణాకర్ నోరు తెరిచాడు.

"సేటూ, పొద్దుగాల..."

"బావా, నువ్వాగు," అన్నాడు పక్కనున్న బామ్మర్ది. "నీకు తెల్వది. గీ జమానల టైరంటే యాప్‌ల చూసి తీస్కోవాలె."

ఈయన ధనుంజయ్, జ్యోతి అన్న. సిరిసిల్లలో ఎనిమిది మరమగ్గాలున్నాయి, బండి లేదు. అంటే రెండు ఓట్లు. వేములవాడ మీదుగా బస్సులు మారి ఈ పని మీదే వచ్చాడు. ఆయన వెనక కరుణాకర్ పెద్దబాపు, అంటే పెదనాన్న, లక్ష్మీరాజం. జగిత్యాలలో ఉంటాడు, బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు.

"ముప్పై ఒక్క ఏండ్లు టైర్ల మీద నిలవడి వచ్చిన," అన్నాడాయన కుర్చీ లాక్కుంటూ. "టైరు సంగతి నాకు జెప్తరా?"

ఆయనకూ బండి లేదు. ఆ విధంగా మూడు పట్టణాల టైర్ల ఎంపిక సంయుక్త సంఘం ఏర్పడింది.

సంఘం మొదటి పని యాప్ తెరవడం. మీరు ఏయే దారుల్లో తిరుగుతారు అని యాప్ అడిగింది. తారు, బురద, ఇసుక, బండరాళ్లు, మంచు. ధనుంజయ్ అన్నీ నొక్కాడు.

"మంచు ఏడిదయ్యా మనకు?" అన్నాడు లక్ష్మీరాజం.

"ఉంటే ఏం పాయె మామా? ఫ్రీయే గదా."

యాప్ కాసేపు గుండ్రంగా తిరిగి, ఒక టైరు చూపింది. అది నా దగ్గరే గోడకు ఆనించి ఉంది. దాని పక్క భాగం మీద మంచులో కూడా నడుస్తుందని తెలిపే గుర్తు ఉంటుంది: మూడు శిఖరాల కొండ, నడుమ మంచుపువ్వు. లక్ష్మీరాజం కళ్లద్దాలు పెట్టుకొని వంగి చూశాడు. మళ్లీ చూశాడు. చెప్పులు విడిచాడు.

"కొండగట్టు!"

"ఏంది మామా?"

"గిది కొండగట్టే. నడుమ పువ్వు సుత ఉన్నది. కంపెనోల్లు ఊకెనే ఎయ్యరు."

కొండగట్టు అంటే మా దగ్గరి అంజన్న కొండ, ఈ చుట్టుపక్కల బండ్లకు పూజ అక్కడే. నేను సరిదిద్దలేదు. గిరాకీ చెప్పులు విడిచాక వ్యాపారి మాట్లాడకూడదు.

అక్కడితో అయిపోయిందనుకుంటే మీరెప్పుడూ టైర్లు కొనలేదని అర్థం. టైరు మీద కంపెనీ పేరున్న తెల్ల అక్షరాలు బయటికి ఉండాలా, లోపలికి ఉండాలా అన్నదానికి ఆరు రోజులు పట్టింది. (బయటికి ఉంటే ఫోటోలో పడతాయని ధనుంజయ్. కొండకు బురద అంటుతుందని లక్ష్మీరాజం.) గాలి ఎంత ఉండాలన్నదానికి నాలుగు రోజులు, కుర్చీ కాలుతో సహా. వాట్సాప్ గ్రూపు పెట్టారు. అందులో అరవై నలుగురు చేరారు. దమ్మాంలో వంటమనిషిగా ఉన్న ఒకాయన రోజూ ఉదయం బురద టైరుకు, సాయంత్రం రోడ్డు టైరుకు ఓటేసేవాడు. కరుణాకర్‌ను చేర్చడం ఎవరికీ గుర్తు రాలేదు. రద్దీ ఎక్కువై నేను అభిప్రాయ దరఖాస్తు ఒకటి అచ్చు వేయించాను. పేరు, ఊరు, బండి ఉన్నదా (లేనిచో రెండు ప్రతులు నింపవలెను).

గాలి మీద చర్చ నడుస్తుండగా కరుణాకర్ ఒకసారి చెయ్యెత్తాడు. "ఎడారిల మేమైతే గాలి..."

"అది ఎడారి, గిది జగిత్యాల జిల్లా," అన్నాడు లక్ష్మీరాజం. చెయ్యి దిగిపోయింది.

పందొమ్మిదో రోజు జ్యోతి వచ్చింది. ఖాళీ క్యాన్లు ఆటోలోనే ఉంచి దిగింది.

"అన్నా, ఇంకా కాలేదా?"

"అయితంది చెల్లే. అక్షరాల దగ్గర ఆగింది."

ఆమె ఆయన్ని వదిలి నా వైపు తిరిగింది. "సేటన్నా, రోజుకు తారు పోను రాను ఇరవై రెండు. రేగడి పోను రాను ఎనిమిది. ఒక్క వాగు. బండిల ఆరు క్యాన్లు, రెండు వందల నలభై లీటర్లు. గిప్పుడు జెప్పు, ఏది?"

నా ప్రశ్నకు పందొమ్మిది రోజుల్లో వచ్చిన మొదటి జవాబు అది. నేను గోడ వైపు వేలు చూపించాను. అదే టైరు, కొండ గుర్తుది. సంఘం దాన్ని తమ తీర్పుగా నమోదు చేసుకుంది. బిగించడానికి ముప్పావు గంట పట్టింది.

"ఇగ కొండగట్టుకు," అన్నాడు లక్ష్మీరాజం. "పాత పూజ పాత టైర్లకు." (పూజ వారంటీ బదిలీ కాదు.)

అమ్మినవాణ్ని కాబట్టి నేనూ పోయాను. కొండ మీద బండికి పసుపు కుంకుమలు పెట్టారు, దండ వేశారు, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. బండి కదిలింది. మూడు టప్ టప్ టప్ మని పగిలాయి. నాలుగోది ఉసిరికాయంత ఉంది. ముందు ఎడమ టైరు అంచున రెండు రబ్బరు దిమ్మెల నడుమ సందులో దూరి, టైరుతో పాటు పైదాకా వచ్చి, అందర్నీ చూస్తూ ఆగింది. బురద పట్టుకోవడానికి చేసిన సందు అది. నిమ్మకాయను కూడా అంతే గౌరవంగా పట్టుకుంది.

"మంచిగ పోయి రాండ్రి," అన్నాడు పూజ చేసిన అయ్యగారు. "మూడు పగిలినయి గదా."

"ముప్పావు పూజతోని బండి తోల్తరా అయ్యగారూ?" అన్నాడు లక్ష్మీరాజం.

బండిని నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ నడిపారు. నిమ్మకాయకు తిరగడం అలవాటైంది. చేత్తో తీస్తే లెక్కలోకి రాదన్నారు. చివరికి సంఘం అక్కడికక్కడే తీర్మానించింది: నాలుగోది పగిలేదాకా బండి తోలరాదు. మరి ఇంటికి ఎలా పోవాలి అని జ్యోతి అడిగింది.

"గిది తోలుడు కాదమ్మా. ఇంటికి తెచ్చుడు."

ఇంటికి తెచ్చాక తాళంచెవి దేవుని గూట్లో పెట్టారు. ధనుంజయ్ నా ఎదుటే టైర్ల కంపెనీకి ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"టైరు అడ్డంకిని దాటలేదా సార్?"

"దాటింది. పలగ్గొట్టలే."

"అడ్డంకి పేరు చెప్పండి."

"నిమ్మకాయ."

అటువైపు టైపు కొట్టిన చప్పుడు. "నమోదు చేశాను సార్. పది పనిదినాల్లో మా పరిశీలకులు వస్తారు. అంతవరకు నిమ్మకాయను కదిలించకండి."

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది.

మర్నాడు ఆరూ యాభైకి నేను షట్టరు ఎత్తుతుంటే బండి వచ్చి ఆగింది. అద్దాల దాకా రేగడి. కరుణాకర్ తోలుతున్నాడు, పక్కన జ్యోతి. క్యాన్లు ఖాళీ.

"ఆరున్నరకే పోసినం సేటన్నా," అంది జ్యోతి దిగుతూ. "టైర్ల గాలి నింపు."

"గాలి ఎందుకు పోయింది?"

"మేమే ఇడిసినం. ఊరు దాటినంక ఈయన్ని అడిగిన, గాలి ఎంత ఉంచాల్నని. అంతే. అప్పట్నుంచి ఆగుతలేడు."

"రేగడిల సగానికి తియ్యాలె సేటూ," అన్నాడు కరుణాకర్. "టైరు పరుసుకుంటది, దిగవడది. తారెక్కినంక నింపుకోవాలె. ఎడారిల గిట్లనే. ఒకసారి ఏమైందంటే..."

పందొమ్మిది రోజుల మాటలు ఆ మనిషి లోపల వరుసగా పేర్చి ఉన్నాయి. నేను గాలి నింపుతూ విన్నాను. ముందు ఎడమ టైరు దగ్గర ఆగాను. ఎనిమిది కిలోమీటర్ల రేగడి, వాగు రెండుసార్లు, ఆపైన కోరుట్ల దాకా తారు. నిమ్మకాయ సందులోనే ఉంది, కడిగినట్టు మెరుస్తూ. అదీ పాలూ ఒకే బండిలో వచ్చినా పాలు విరగలేదు.

పది గంటలకు సంఘం నా దుకాణం ముందు అత్యవసరంగా సమావేశమైంది. ఎదుటి కొట్టు నుంచి చాయ్ వచ్చింది.

"తప్పు జేసినవ్ చెల్లే," అన్నాడు ధనుంజయ్. "పరిశీలకులు అచ్చేదాక ఆగాల్సి ఉండె."

"మరి పాలు ఆగుతయా అన్నా?"

"పాల సంగతి వేరే ఎజెండా," అన్నాడు లక్ష్మీరాజం, కప్పు అందుకుంటూ.

"సరే మామా," అంది జ్యోతి. "చాయ్ తాగు, సల్లారుతది."

నలభై నిమిషాల చర్చ తర్వాత, నాలుగో నిమ్మకాయ పగలకుండా చేసిన ఆ ఉదయపు ప్రయాణం చెల్లదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అందులో వచ్చిన పాలతో ఇంకో విడత చాయ్ చెప్పింది.