తాడు కట్టిన ప్లేటు

మన దేశంలో ప్రజల కోసం పెట్టిన ఏ వస్తువునైనా ముందుగా ప్రజల నుంచి కాపాడాలి. చలివేంద్రంలో గ్లాసుకు గొలుసు, బ్యాంకులో పెన్నుకు దారం అందుకే. చొప్పదండి రోడ్డు మీది మా కాలనీ పార్కులో ఈ సిద్ధాంతం ఆటల దాకా ఎదిగింది.

ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్. ప్లాస్టిక్ ప్లేటును దూరం నుంచి విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేయాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమని చిన్న మైదానమే వేశారు. ప్లేట్లు పోతాయేమోనని కాలనీ కమిటీ సుధాకర్ సారును ‘ప్లేట్ల పరిరక్షణ కన్వీనర్’గా నియమించింది. (ఆటగాళ్లను ఇంకా నియమించలేదు.) సారు బాధ్యత తీసుకున్న పూటే ప్రతి ప్లేటుకూ బెజ్జం వేయించి, నైలాన్ తాడు కట్టించి, రెండో కొసను వాచ్‌మన్ కొమురెల్లి కుర్చీకి ముడివేయించారు.

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. మా స్తుతికి ఆరేళ్లు. ప్లేటు ఎగిరితే ఎవరి పళ్లు రాలతాయో, ఆ గొలుసుల్లో దాని వేలు ఇరుక్కుంటుందేమో అని అన్నం సయించలేదు. తాడున్న ఆట కంటే తల్లికి ఇంకేం కావాలి?

స్తుతి విసిరింది. ప్లేటు సగం దారిలో ఆగి, వెనక్కి వచ్చి, కొమురెల్లి ఛాయ్ గ్లాసును పడగొట్టింది.

“సారూ, తాడు బుట్టదాక అందుతలేదు,” అన్నాను.

“పొడుగు చేస్తే ప్లేటు ఎత్కపోతరమ్మా. జర ఆగుండ్రి.”

కమిటీ అత్యవసరంగా సమావేశమై, తాడు జోలికి పోకుండా బుట్టనే దగ్గరికి జరపాలని తీర్మానించింది. బుట్ట వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. అప్పటి నుంచి అందరూ చెయ్యి చాచి, ప్లేటును బుట్టలో పెట్టి, చప్పట్లు కొట్టించుకుని వెళ్తున్నారు. పక్కింటి రషీదా వాళ్ల దాదీ చేతిలో సంచి దించకుండానే గెలిచింది. (ఆమె పాలకూర కోసం బయల్దేరింది.) మా కాలనీలో ఓటమిని నిర్మూలించామని సారు ప్రకటించారు.

స్తుతి మాత్రం ప్లేటు ముట్టలేదు.

“పెట్టు బిడ్డా, గెలుస్తవ్.”

“గిది పెట్టుడే అమ్మా, విసురుడు కాదు. నాకది ఎగరాలె.”

“ఎవలకన్న తాకుతదే!”

“ఈడ ఎవలున్నరు? కొమురెల్లి తాతొక్కడే.”

“నా ఫికర్ వద్దు బిడ్డా, నేను జరుగుత. సారు బజారుకు పోయిండు,” అంటూ కొమురెల్లి కుర్చీ ఎత్తుకుని పక్కకు నడిచాడు. (ప్లేట్లన్నీ ఆయన వెంటే నడిచాయి.)

స్తుతి కళ్లల్లో నీళ్లు చూశాక నా భయం ఎటు పోయిందో తెలియదు. ఒక ప్లేటు ముడిని పళ్లతో పట్టి విప్పాను. స్తుతి గిర్రున తిరిగి విసిరింది. ప్లేటు బుట్ట దాటి, మందార చెట్టు దాటి, గోడ దాటి, వాహెద్ భాయ్ పంక్చర్ షాపు రేకుల మీద ఠంగుమని పడింది. ఎవరి పళ్లూ రాలలేదు. స్తుతి నవ్వు ఆగలేదు.

“ఎవల్దిరా బై గీ ప్లేటు?” గోడ అవతల నుంచి వాహెద్ భాయ్ కేకేశాడు. “మస్తు ఎగిరింది, ఇంగోపారి వేయుండ్రి!”

సాయంత్రం సారు విచారణ జరిపారు.

“ముడి ఎవలిప్పిండ్రు?”

“నేనే సారూ.”

“సదువుకున్నోళ్లు గిట్ల చేయరమ్మా.”

“ఎనిమిదో తరగతిల బందువెట్టిన సారూ. ముడులు విప్పుడు అంతకుముందే నేర్చుకున్న.”

మర్నాడు ప్లేట్లన్నిటినీ బుట్టలోనే వేసి, పైన మూతపెట్టి తాళం వేశారు. ఇక పార్కులో అడుగుపెట్టిన ప్రతివారూ గెలిచినట్టే లెక్క. ఇప్పటివరకు ఇక్కడ ఓడిపోయింది మా స్తుతి ఒక్కతే. విసిరింది కూడా అదొక్కతే.