మెట్లెక్కే లిఫ్టు మెకానిక్

తనను తాను తెలుసుకోవడానికి మనిషి ఎన్ని మెట్లెక్కాలి? తొమ్మిదో అంతస్తు మలుపులో పనిముట్ల సంచి దించి, రొప్పుతూ, లిఫ్టు మెకానిక్ ఈ ప్రశ్న తనకు తాను వేసుకున్నాడు. కిందటేడు ఒక లిఫ్టులో ఇరుక్కున్నప్పటి నుంచి అతనికి లిఫ్టు ఎక్కాలంటే భయం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మెట్లెక్కి వెళ్లి లిఫ్టులు బాగుచేసే అతని వ్యాయామ నిష్ఠను కంపెనీ మెచ్చుకుని, ముప్ఫై అంతస్తుల కొత్త భవనాన్ని బహుమానంగా అప్పగించింది. సోమవారం నుంచి డ్యూటీ.

భార్య అతని మోకాళ్లకు నూనె రాస్తూ అంది: "నాతో చెప్పరు, గోడతో చెప్పరు. మగవాళ్లకని ఆన్‌లైన్లో ఏదో కౌన్సెలింగ్ ఉందట, చేర్పించాను. ఆ ఫోనుకైనా చెప్పండి."

"నాకేమైందిప్పుడు?"

"ఏమీ కాకపోతే ఈ మోకాళ్లు ఎవరివి?"

పురుష మర్యాదకు భంగం కలగని రీతిలో ఆ సేవను తీర్చిదిద్దారు. అందులో ఏడుపు అనే మాట నిషిద్ధం. దాన్ని కంటి శుభ్రత అంటారు. భయం పేరు ముందుజాగ్రత్త. కెమెరాను పైకప్పు వైపు తిప్పుకునే హక్కు సభ్యులందరికీ ఉంది. కనుక ఆ ఆదివారం ఏడుగురు పురుషులు ఏడు ఫ్యాన్లుగా దర్శనమిచ్చారు. "ఎలా ఉన్నారు?" అని కౌన్సెలర్ అడగగా, ఆరుగురు "బ్రహ్మాండం" అన్నారు. ఏడో ఆయన అదే మాట మ్యూట్‌లో అన్నాడు.

అంతలో వారిలో ఒకడైన బ్యాంకు గుమాస్తా ఫ్యాను కిర్రుమంటోందని ఎవరో గమనించారు. అక్కడి నుంచి గోష్ఠి ఊపందుకుంది.

"బేరింగు పోయుంటుంది బ్రదర్."

"బేరింగు కాదన్నా, నట్టు వదులైంది. నా మాట విను."

మా ఆవిడ వెళ్లిపోయి నెలయింది, అని గుమాస్తా మధ్యలో మెల్లగా అన్నాడు. సభ్యులు చలించిపోయారు. అయితే స్టూలు ఎవరు పట్టుకుంటారని ఆందోళన వ్యక్తం చేశారు.

"ఇంకెవరైనా ఏమైనా చెప్పుకుంటారా?" కౌన్సెలర్ నీరసంగా అడిగాడు.

ఇవాళ చెప్పకపోతే రేపు ముప్ఫై అంతస్తులు. మెకానిక్ నిశ్చయించుకున్నాడు. మనసు మారేలోగా కెమెరాను ముఖం మీదికి తిప్పాడు.

"నాకు లిఫ్టు ఎక్కాలంటే భయమండీ. తలుపు మూసుకుంటే ఊపిరాడదు."

ఫ్యాన్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. నెట్ పోయిందన్న కబురు ఆరుగురి దగ్గర నుంచీ నెట్‌లోనే సక్రమంగా అందింది.

"మీరైనా ఉన్నారా?" అలవాటు లేని ఆశతో అడిగాడు కౌన్సెలర్.

"ఉన్నానండీ. మా ఇంట్లో నెట్ బాగానే ఉంటుంది."