అర్ధరాత్రి గొడుగు సేవా సంఘం

వీధి ప్రజలకు తెలియజేయునది ఏమనగా, గొడుగులు బాగుచేసే మేస్త్రికి పెదనాన్న ఆస్తి మొత్తం కలిసొచ్చింది. పెదనాన్నకు పిల్లల్లేరని అప్పటికి అందరి నమ్మకం.

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడన్న సామెత మేస్త్రికి తెలుసు. వృత్తిరీత్యా మరీ బాగా తెలుసు. అందుకే చీకటిపడ్డాక గొడుగు ఛాయలకే పోనని భార్య దగ్గర ఒట్టేశాడు. ఆమె నమ్మింది. అతుకుల గొడుగు ఒక్కటే ఉన్న రోజుల్లో తన భుజం తడుపుకుని ఆమెను పొడిగా నడిపించిన మనిషి మరి.

ఒక రాత్రి ఉక్కపోస్తోందని వీధిలోకొచ్చాడు. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరుగారు పంచె ఎగ్గట్టుకుని పరుగున వచ్చి నెత్తిన గొడుగు విప్పారు. మేస్త్రి సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడు కొంచెం తక్కువ చచ్చాడు. ఆ మర్నాడు, హెడ్మాస్టరుగారు ఇంకా రాలేదేమని కబురంపాడు.

చూస్తుండగానే సేవా సంఘం ఏర్పడింది. వంతుల కోసం పెద్దమనుషులు కాలర్లు పట్టుకున్నారు. ఓడినవాళ్ళకు పగటి గొడుగు కేటాయించి సర్దిచెప్పారు.

"వెన్నెల సోకితే మేధస్సు కరిగిపోతుంది. వారి మేధస్సు మనందరి ఉమ్మడి ఆస్తి," అని హెడ్మాస్టరుగారు సభలో సెలవిచ్చారు. మేస్త్రి తల తడిమి చూసుకుని, నిజమే కాబోలనుకున్నాడు.

గొడుగు కింద ఇద్దరుంటే హోదాకు లోటని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. జోరువానలో భార్య నాలుగడుగుల వెనక తడుస్తూ నడిచింది. అతను తిరిగి చూడలేదు. తిరిగితే గొడుగు పట్టినవారికి ఇబ్బంది.

పెదనాన్నకు కన్నకొడుకు ఉన్నాడని ఈలోగా కోర్టు తేల్చింది. ఆస్తి వచ్చిన దారినే పోయింది. తీర్పు విని మేస్త్రి బయటికొచ్చేసరికి కుండపోత. సంఘ సభ్యులు తలా ఒక గొడుగు వేసుకుని, అదే సామెత చెప్పుకుని నవ్వుకుంటూ పక్కనుంచే వెళ్ళారు. హెడ్మాస్టరుగారైతే మనవడికి అర్థతాత్పర్యాలతో సహా వివరించారు.

మేస్త్రి మెట్ల మీద తడుస్తూ నిలబడ్డాడు. భార్య అతుకుల గొడుగుతో వచ్చి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు కన్నా తీర్పే నయమనిపించింది అతనికి.

"రా. పట్టుకునేది మాత్రం నువ్వే," అంది.

పట్టుకున్నాడు, ఆమె వైపే ఒరగబెట్టి. వీధి మలుపు తిరిగాక ఆమె అడిగింది.

"అవునూ, సామెతలో పట్టమన్నవాణ్ణే తిట్టారు. పరిగెత్తుకొచ్చి పట్టినవాళ్ళ ఊసే లేదేం?"

ఎలా ఉంటుంది? సామెత కట్టింది మనమే కదా.