‘ఇంకొక్క పల్లవి’ పరిరక్షణ ఉద్యమం

వరాంగీ పట్టణ సంగీత నాటక సమాజం కార్యవర్గం జూన్ మొదటి మంగళవారంనాడు అత్యవసరంగా సమావేశమై, ‘ఇంకొక్క పల్లవి’ అనే టీవీ సీరియల్‌ను అర్ధాంతరంగా ఆపేసినందుకు తీవ్ర దిగ్భ్రాంతి వెలిబుచ్చింది. తీర్మానాన్ని ప్రతిపాదించినవారు పాడుతూ ప్రతిపాదించారు. బలపరిచినవారు పై శ్రుతిలో బలపరిచారు. వ్యతిరేకించినవారు లేరు గాని, ఉపాధ్యక్షులవారు ఒకచోట తాళం తప్పారు. ఆ సంగతి కూడా మినిట్స్‌లో నమోదైంది.

మినిట్స్ రాసింది గ్లెనిస్ పాస్కో. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పగలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు, మిగతా వేళల్లో సమాజం కార్యదర్శి. ఇరవై ఏడేళ్ళుగా బృందగానంలో మూడో వరసలో నిలబడి పాడుతోంది. ఈ కాలంలో ఆమె చాకలామెగా, సన్యాసినిగా, తిరగబడ్డ రైతుకూలీగా, ఒకసారి ఇద్దరు దూరే ఆవు వేషంలో వెనక సగంగా నటించి పలువురి మన్ననలు అందుకుంది. ఒంటరిగా పాడిన పంక్తులు మాత్రం సున్న.

అందుకే ఆ సీరియల్‌లోని మార్గో అంటే ఆమెకు ప్రాణం. మార్గో కూడా యాభై దాటిన మూడో వరస మనిషే. పదో భాగం చివర పెద్ద గాయనికి గొంతు పోతుంది, ‘నువ్వే వెళ్ళి పాడు’ అంటారు, మార్గో వేదిక మీదికి అడుగు పెడుతుంది. అంతే, చానల్ వారు సీరియల్ ఆపేశారు. మార్గో పాడిందో లేదో లోకానికి తెలియదు. గ్లెనిస్ రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుని వారంపాటు వెక్కివెక్కి ఏడ్చింది. లోపల డాక్టరు ఎవరినేం చేశాడోనని పదకొండుమంది అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నారు.

ఇక్కడ సమాజ సభ్యుల నిష్ఠను కాస్త వివరించాలి. పాటగాళ్ళకు ఒంటరిగా కూర్చుని టీవీ చూడటం చేతకాదు. ప్రతి మంగళవారం సాయంత్రం ఏడున్నరకు నలభై ముగ్గురు సభ్యులూ ఊరి సభాభవనమైన మెకానిక్స్ హాలుకు చేరి, తెర దించి, సాసేజ్ రోల్స్ పంచుకుని, మార్గోతోపాటు తామూ గొంతెత్తేవారు. ఆ హోరులో మార్గో మాటలు ఎవరికీ వినపడేవి కావు. మార్గో మొగుడు చచ్చాడా, బతికున్నాడా అన్న విషయంలో సభ్యుల మధ్య నాలుగు అభిప్రాయాలుండేవి.

ఇక రెండో విషయం రహస్యం, మీలోనే ఉంచుకోండి. ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే కంపెనీవారి బూడిదరంగు పెట్టె ఒకటి గ్లెనిస్ ఇంట్లో ఉంది. ఒకటో మీట గ్లెనిస్‌ది, రెండోది ఆమె భర్త మెర్వ్‌ది. టీవీ ముందు కూర్చున్నవారు తమ మీట నొక్కాలి. ఆ ఇంట్లో ఒకరు చూస్తే జిల్లాలో నాలుగు వేల రెండు వందలమంది చూసినట్టు. పది మంగళవారాలూ గ్లెనిస్ హాల్లో ఉంది. ఇంట్లో మెర్వ్ రెండో మీట నొక్కి, చేపలు పట్టే కార్యక్రమం చూశాడు.

ఉద్యమం మాత్రం మహోజ్జ్వలంగా సాగింది. మార్గో వేదికెక్కే ముందు బీట్‌రూట్ శాండ్‌విచ్ తింటుంది కనుక, సమాజం వారు సిడ్నీలోని చానల్ ఆఫీసుకు రెండు వందల పన్నెండు బీట్‌రూట్ శాండ్‌విచ్‌లు పోస్టులో పంపారు. నాలుగో రోజున చానల్ వారు దిగివచ్చారు. ఆగస్టు పద్దెనిమిది, మంగళవారం ఏడున్నరకు చివరి భాగం మళ్ళీ వేస్తామని, తగినంతమంది చూస్తే మిగతా కథ తీస్తామని, దయచేసి ఇక తినుబండారాలు పంపవద్దని రాశారు.

ఈ ఘనవిజయాన్ని పురస్కరించుకుని అధ్యక్షులు క్లైవ్ హార్‌గ్రేవ్ గారు అదే రోజు, అదే వేళకు, హాల్లో ‘మార్గో రక్షణ మహా సంగీత సభ’ ప్రకటించారు.

గ్లెనిస్ చెయ్యెత్తింది. “ప్రెసిడెంటు గారూ, సరిగ్గా అప్పుడే కదండీ టీవీలో వచ్చేది?”

“అందుకేనమ్మా! ఆ ఘడియలో ఈ జిల్లాలో ఏ ఒక్క అభిమానీ ఇంట్లో ఒంటరిగా కుమిలిపోకూడదు!” అన్నారు క్లైవ్. చప్పట్లు మోగాయి. “ఇకపోతే మార్గో పాడలేకపోయిన పాటను నేనే రాశాను. దాన్ని సోలోగా పాడబోయేది మన గ్లెనిస్!”

గ్లెనిస్ చెయ్యి దించేసింది.

ఇంటికెళ్ళి, మాంసం చాప్స్ వేయిస్తూ మెర్వ్‌ను బతిమాలింది. “ఆవేళ నా మీట కూడా నువ్వే నొక్కు. ఎవరు చూడొచ్చారు?”

“ఎవరి మీట వాళ్ళే నొక్కుతామని సంతకం పెట్టాం కదే,” అన్నాడు మెర్వ్. ఏటి దగ్గర మరో మనిషి లేకపోయినా, చట్టం చెప్పిన కొలతకంటే వేలెడు పొట్టిగా ఉన్న చేపను తిరిగి నీళ్ళలోకి వదిలేసే రకం అతను. “నువ్వు ఇంట్లో కూర్చున్నావనుకో, నాలుగు వేలమంది కూర్చున్నట్టే. మార్గో బతికిపోద్ది.”

“హాల్లో పాడితే?”

“నువ్వొక్కదానివే పాడినట్టు.”

“నేనొక్కదాన్నే ఏదైనా చేసి ఇరవై ఏడేళ్ళయింది, మెర్వ్!”

చాప్స్ మాడిపోయాయి.

సభకు మూడు వందలమంది వచ్చారు. పక్క ఊళ్ళనుంచి బస్సులు కట్టుకుని, టీవీలు కట్టేసి మరీ వచ్చారు. “కళను చూసే కళ్ళే కరువైన ఈ రోజుల్లో...” అని మొదలుపెట్టిన క్లైవ్ గారు, జనం టీవీ ముందు కూర్చోకపోవడం వల్ల కలిగే అనర్థాలను ఇరవై నిమిషాలు వివరించారు. మూడు వందలమందీ కన్నీళ్ళు తుడుచుకుని ఔనన్నారు.

తరువాత గ్లెనిస్ ముందుకు వచ్చింది. మొదటి పంక్తి ముందు వరసకు కూడా వినపడలేదు. రెండో పంక్తికి ఆమె ఎవరో ఆమెకే తెలియలేదు. పై స్థాయి అందుకునేసరికి టీ కాగుతున్న డ్రమ్ము మూత గలగలలాడింది. జనం లేచి నిలబడి మూడుసార్లు పాడించారు. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

ఇంటికి వచ్చేసరికి మెర్వ్ టీవీ ముందే ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఎలా పాడావు?”

“మూడుసార్లు పాడించారు!”

“చూశావా మరి! నేను కూడా మొదట్నుంచీ చివరిదాకా చూశాను, నా మీట నొక్కుకునే. ఆ మార్గో మొగుడు బతికే ఉన్నాడే! నాకు ఏడుపాగలేదు.”

రెండు వారాలకు చానల్ వారి నివేదిక వచ్చింది. జిల్లాలో చివరి భాగాన్ని నాలుగు వేల రెండు వందలమంది ఆద్యంతం చూశారు. అందరూ అరవై దాటిన మగవారు, అందరికీ చేపలవేట సరదా. సంగీతాభిమానులు, మహిళలు: ఎవరూ లేరు. కాబట్టి సీరియల్‌కు శాశ్వతంగా సెలవు. ఆ పెద్దమనుషుల అభిరుచిని గౌరవిస్తూ, ఆరుగురు ముసలివాళ్ళు పడవలో పాడుతూ గాలం వేసే కొత్త కార్యక్రమం త్వరలో ప్రారంభం.

మహిళల అభిరుచి ఇంతగా దిగజారినందుకు సమాజం నిరసన తెలిపింది. ఏటా ఆగస్టులో మార్గో స్మారక సభ జరపాలని, ప్రతి ఏడూ ఆ పాటను గ్లెనిస్ చేతనే పాడించాలని నిశ్చయించింది. రెండో సభకు టికెట్లన్నీ అప్పుడే అమ్ముడైపోయాయి.

నవంబరులో మెల్‌బోర్న్‌లోని మరో కంపెనీనుంచి ఉత్తరం వచ్చింది. సీరియల్‌ను తాము కొని మిగతా కథ తీయాలనుకుంటున్నామని, మార్గో చేత ఆ పాట పాడిస్తామని, నిజంగా కోరుకునేవారు ఉంటే పదిహేను రోజుల్లో తెలియజేయమని అందులో ఉంది. కార్యదర్శి కనుక గ్లెనిస్ దాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివింది. మార్గో పాడేస్తే తాను పాడేదేమిటి? మళ్ళీ మూడో వరస, మళ్ళీ ఆవు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, పళ్ళ డాక్టరు దగ్గర, చనిపోయిన పేషెంట్ల కార్డులుండే సొరుగులో అట్టడుగున పెట్టి తాళం వేసింది.

గడువు దాటింది. ఉద్యమం ఇప్పటికీ ఉద్ధృతంగా సాగుతోంది. మార్గో పేరెత్తితే అందరికంటే ముందు కంట తడి పెట్టేది గ్లెనిసే, అది దొంగ ఏడుపు కూడా కాదు. మీలోనూ ఆ సీరియల్ అభిమానులుంటే సమాజం కార్యదర్శి పేర వెంటనే రాయండి. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఆవిడే స్వయంగా భద్రపరుస్తుంది.